‘దళిత’ అనొద్దన్న అడ్వైజరీ: ఒక తెలుగు న్యూస్ డెస్క్ కేస్ స్టడీ

2018 ఆగస్టు 7న కేంద్ర సమాచార ప్రసార శాఖ ప్రైవేటు శాటిలైట్ టీవీ ఛానెళ్లన్నింటికీ ఒక అడ్వైజరీ పంపింది. షెడ్యూల్డ్ కులాల వారి గురించి చెప్పేటప్పుడు ‘దళిత్’ అనే మాటకు దూరంగా ఉండండి, ఇంగ్లిష్‌లో ‘షెడ్యూల్డ్ కాస్ట్’ అనండి, మిగతా భాషల్లో దానికి తగిన అనువాదం వాడండి అన్నది దాని సారాంశం. సంగతి సెప్టెంబరు మొదటి వారంలో బయటికొచ్చి దుమారం రేగింది. హైదరాబాద్‌లో ఒక తెలుగు న్యూస్ ఛానెల్ అవుట్‌పుట్ డెస్క్ అప్పుడు నా చేతిలో ఉంది. స్క్రోలింగ్‌లో ఏ మాట పోవాలి, యాంకర్ నోట ఏ మాట రావాలి అన్న పంచాయితీలన్నీ తిరిగి తిరిగి నా టేబుల్ దగ్గరే ఆగేవి. ఈ పంచాయితీ మాత్రం అక్కడ ఆగలేదు.

జర్నలిజం క్లాసుల్లో ఈ అడ్వైజరీని పత్రికా స్వేచ్ఛ చాప్టర్‌లో ఒక పేరాగా చెప్పి వదిలేస్తుంటారు. డెస్క్‌లో కూర్చున్నవాళ్లకు అంతకన్నా ముందు ఇంకో సమస్య ఎదురవుతుంది. పైనుంచి చెప్పిన మాట పెడితే వార్త తప్పైపోతుంది. వద్దన్న మాటే అన్నిచోట్లా పెట్టినా తప్పైపోతుంది. ఈ కేసులో నేను చెప్పదలచుకున్నది ఇదే.

అడ్వైజరీ బరువెంత

పేరుకు అది సలహా. పాటించకపోతే ఇదీ శిక్ష అని అందులో ఎక్కడా లేదు. కానీ ఛానెల్‌కు ప్రసారం చేసుకోవడానికి కావాల్సిన అప్‌లింకింగ్, డౌన్‌లింకింగ్ పర్మిషన్లు ఇచ్చేదీ, పదేళ్ల గడువు తీరాక వాటిని రెన్యువల్ చేసేదీ ఆ శాఖే. సలహా ఇచ్చినవాడి చేతిలోనే లైసెన్సు ఉన్నప్పుడు దాన్ని సలహాగా తీసుకునే మేనేజ్‌మెంట్ నాకైతే తారసపడలేదు.

దీని వెనక కోర్టుల దారి ఒకటి ఉంది. 2018 జనవరిలో మధ్యప్రదేశ్ హైకోర్టు గ్వాలియర్ బెంచి, రాజ్యాంగంలో లేని ఈ మాటను ప్రభుత్వాలు వాడకూడదంది. మార్చి 15న కేంద్ర సామాజిక న్యాయ శాఖ అధికారిక వ్యవహారాల్లో ‘షెడ్యూల్డ్ కాస్ట్’ అనే వాడాలని రాష్ట్రాలకు రాసింది. జూన్‌లో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి, మీడియాకు కూడా ఇలాంటి సూచన ఇచ్చే విషయం పరిశీలించండి అని సమాచార శాఖకు చెప్పింది. ఆ పరిశీలన ఫలితమే మా మెయిల్‌బాక్స్‌లోకి వచ్చింది. ఆఫీసు ఫైళ్ల కోసం మొదలైన నియమం మూడు అంగల్లో న్యూస్‌రూమ్‌లోకి నడిచొచ్చిందన్నమాట.

రాజకీయంగా ఎవరు ఎటు అన్నది చూస్తే ఇంకా తమాషా. మార్చి సర్క్యులర్ ఇచ్చిన సామాజిక న్యాయ శాఖలోనే సహాయ మంత్రిగా ఉన్న రామ్‌దాస్ అఠావలే ఈ అడ్వైజరీని ఒప్పుకోలేదు. ఆయన దళిత్ పాంథర్స్ ఉద్యమంలోంచి వచ్చిన మనిషి, ఆ మాట ఆయనకు గౌరవం. అప్పటికి బీజేపీ ఎంపీగా ఉన్న ఉదిత్ రాజ్ కూడా అభ్యంతరం చెప్పారు. అటు కోర్టుకెక్కిన పిటిషనర్లేమో ఆ మాటే అవమానకరం అన్నారు. జాతీయ ఎస్సీ కమిషన్ 2008లోనే అధికారిక పత్రాల్లో ‘దళిత్’ వద్దంది. ప్రెస్ కౌన్సిల్ మాత్రం మీడియాలో దాన్ని పూర్తిగా నిషేధించడం సరికాదంది. కాబట్టి ఇది అధికారపక్షానికీ ప్రతిపక్షానికీ మధ్య గొడవ అని చెప్పి చేతులు దులుపుకునే వీల్లేదు. అవమానం అన్నవాళ్లూ, ఆత్మగౌరవం అన్నవాళ్లూ ఒకే ఇంటివాళ్లు కావచ్చు.

మీటింగ్

లీగల్ వాళ్ల సలహా ఒక్క ముక్కలో తేలిపోయింది: ఇవాళ్టి నుంచి ‘దళిత’ కనిపించిన ప్రతిచోటా ‘ఎస్సీ’ పెట్టేయండి. న్యూస్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో ఫైండ్ అండ్ రీప్లేస్ ఉంది కదా అన్నారు కూడా.

ప్రకాశం జిల్లా నుంచి వచ్చిన సీనియర్ రిపోర్టర్ ఒకాయన ఉన్నారు. ఆయన కుర్చీలోంచి లేచారు. “సార్, ఈ మాట మనకు ఢిల్లీ నుంచి రాలేదు. కారంచేడు నుంచి వచ్చింది. తీసేయమంటే తీసేయడానికి అది స్పాన్సర్ లోగో కాదు” అన్నారు. ఆయన డిమాండ్ దానికి సరిగ్గా ఎదురు: ఎస్సీ అన్న మాట మనం వాడేదే లేదు, ప్రతిచోటా దళిత అనే రాద్దాం.

గది చివర్లో కూర్చున్న ఓ కుర్ర సబ్ ఎడిటర్ చాలాసేపు విని, అప్పుడు అన్నాడు: “అన్నా, మీరిద్దరూ కొట్టుకుంటున్న రెండు మాటల్లో మా వాడలో ఎవరూ ఏదీ అనరు. ఎవరు మీరని అడిగితే మాదిగోళ్లం అంటాం. మాదిగ దండోరా ఉద్యమం వచ్చిందే ఆ పేరు పెట్టుకోవడానికి. మీరు దళిత అన్నా ఎస్సీ అన్నా మేం ఆ లెక్కలో కలిసిపోతాం.”

లీగల్ వాళ్లకు ఈ మూడో మాట అర్థం కాలేదు. సీనియర్ రిపోర్టర్‌కు అర్థమైంది, కానీ నచ్చలేదు. ఉద్యమం కలిపిన వాళ్లను పేరు పెట్టి విడదీస్తావా అన్నారు. కుర్రాడు తగ్గలేదు. “కలిపింది నిజమే అన్నా, పంచింది ఎప్పుడు?” అన్నాడు.

మామూలుగా ఇలాంటి వాదనను సర్కారు వర్సెస్ ఉద్యమం అని రెండు గడులు గీసి చూస్తారు. మా గదిలో మూడు ఉన్నాయి. ఆ మూడోది లేకుండా తెలుగు నేల మీద ఈ వివాదం అర్థం కాదు.

పేర్లు ఎవరు పెట్టారు

మీటింగ్ తర్వాత డెస్క్‌కు ఒక నోట్ రాయాల్సి వచ్చి పాత సంగతులు తిరగేశాను. 1917 నవంబరులో విజయవాడలో జరిగిన సభను ముందు పంచమ సభగా తలపెట్టారు. అధ్యక్షత వహించిన భాగ్యరెడ్డి వర్మ, నాలుగు వర్ణాల బయట అయిదోవాళ్లు అని చెప్పే ఆ ‘పంచమ’ మాటనే తోసిపుచ్చారు. మేం ఈ నేలకు ఆది నివాసులం, ఆది ఆంధ్రులం అన్నారు. సభ పేరు ఆది ఆంధ్ర మహాసభ అయింది. అయిదేళ్లలో, 1922లో, శాసనమండలి సభ్యుడు ఎం.సి. రాజా తీర్మానం మీద మద్రాసు ప్రభుత్వం పాత పేర్లు వదిలి ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర అన్న పేర్లు వాడటానికి ఒప్పుకుంది. అడిగింది వాళ్లు, మారింది సర్కారు.

‘హరిజన’ దారి వేరు. గాంధీ 1933లో ఆ పేరుతో పత్రిక పెట్టాక అది ఊరూరా పాకింది. ఎవరికి ఆ పేరు పెట్టారో వాళ్లలో చాలామందికి అది రుచించలేదు. 1938 జనవరిలో బొంబాయి శాసనసభలో లోకల్ బోర్డుల చట్ట సవరణలో ఆ మాట ఉందని అంబేడ్కర్, ఆయన పార్టీ సభ్యులు వాకౌట్ చేశారు. చట్టసభలో ఒక మాట కోసం వాకౌట్. ఇప్పుడైతే మేం దాన్ని బ్రేకింగ్ వేసి, సాయంత్రం డిబేట్ పెట్టి, ‘మాటలో ఏముంది’ అనే పెద్దమనిషిని ఒకరిని ప్యానెల్‌లో కూర్చోబెట్టేవాళ్లం. కుల సర్టిఫికెట్లలో ఆ మాట వాడొద్దని కేంద్రం 1982లో గానీ చెప్పలేదు. 2017లో సుప్రీంకోర్టు ‘హరిజన’ అనడం ఇవాళ తిట్టుతో సమానమే అనేదాకా వచ్చింది.

‘దళిత’ మన వార్తల్లోకి ఎలా వచ్చిందో మా సీనియర్ రిపోర్టర్ చెప్పింది నిజం. మహారాష్ట్రలో 1972లో దళిత్ పాంథర్స్ పుట్టారు. వాళ్ల మేనిఫెస్టోలో ఆ మాటకు అర్థం చాలా వెడల్పు: ఎస్సీలు, ఎస్టీలు, నవబౌద్ధులు, కూలీలు, భూమిలేని పేద రైతులు, మహిళలు. తెలుగులో అది ఇంటింటి మాట అయింది 1985 తర్వాత. ఆ ఏడాది జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. బతికి బయటపడ్డవాళ్లు చీరాల చేరి శిబిరంలో ఉన్నారు. ఆ పోరాటంలోంచి కత్తి పద్మారావు, బొజ్జా తారకం లాంటి వాళ్లతో దళిత మహాసభ వచ్చింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపేనాటికి పత్రికల్లో ‘హరిజనులు’ అన్న మాట వెనకబడి ‘దళితులు’ స్థిరపడుతోంది.

కారంచేడు తర్వాత తొమ్మిదేళ్లకే, అంటే 1994 జులై 7న, అదే ప్రకాశం జిల్లా ఈదుముడిలో, ఎస్సీ రిజర్వేషన్లను కులాలవారీగా పంచాలంటూ మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి (ఎమ్మార్పీఎస్, జనం నోట దండోరా) మొదలైంది. మంద కృష్ణ తన పేరు చివర ‘మాదిగ’ చేర్చుకున్నారు. ఊరు తిట్టుగా వాడిన మాటను ఇంటిపేరులా తగిలించుకోవడం అది. వేల మంది ఆయన వెంట ఆ పని చేశారు. మాలల సంఘం మాల మహానాడు ఆ పంపకానికి ఎదురు నిలిచింది. ‘దళిత’ గొడుగు కింద ఎవరికి ఎంత అన్న లెక్క అలా వీధిలోకొచ్చింది.

పేరు మారితే కాగితం మీద ఏమవుతుందో కూడా నోట్‌లో రాశాను, ఎందుకంటే డెస్క్‌లో చాలామందికి తెలియదు. గౌరవం కోసం తీసుకున్న ‘ఆది ఆంధ్ర’ అన్న పేరు ఎస్సీ జాబితాలో ఒక కులంగా నిలిచిపోయింది. ఆ పేరు చెబితే మాలా మాదిగా తెలియదు, ఆ పేరు తీసుకున్నదే అందుకు. 1997లో రామచంద్రరాజు కమిషన్ సిఫారసు మీద ఎస్సీలకున్న 15 శాతాన్ని నాలుగు గ్రూపులుగా పంచినప్పుడు రెల్లి వర్గానికి 1, మాదిగలకు 7, మాలలకు 6 పోగా ఆది ఆంధ్రులకు విడిగా ‘డి’ గ్రూపులో 1 శాతం పెట్టాల్సి వచ్చింది. ఎనభై ఏళ్ల కిందటి సభలో గెలిచిన మాట రిజర్వేషన్ పట్టికలో ఒక గడి అయి కూర్చుంది. ఆ పట్టికను 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది, అది వేరే కథ.

ఫైండ్ అండ్ రీప్లేస్ చేసి చూశాం

వాదనతో తేలలేదు కాబట్టి లీగల్ వాళ్ల మాటే అమలు చేసి చూశాం. పాత బులెటిన్ల స్క్రిప్టులు తీసి, ‘దళిత’ ఉన్నచోట ‘ఎస్సీ’ పెట్టి, ఒక యాంకర్‌ను కూర్చోబెట్టి ప్రామ్టర్ మీద చదివించాం. మొదటి రెండు బాగానే పోయాయి. మూడోది ఇలా వచ్చింది: “ఎస్సీ క్రైస్తవులకు ఎస్సీ హోదా కల్పించాలని డిమాండ్ చేస్తూ...” యాంకర్ ఆగిపోయింది. “సార్, వీళ్లు ఎస్సీలే అయితే మళ్లీ ఎస్సీ హోదా ఎందుకడుగుతున్నారు?” అంది.

ఆ వార్తలో ఉన్న మనుషులు ఎస్సీలు కారు కాబట్టే అడుగుతున్నారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం మొదట హిందువులకే ఆ హోదా. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవంలోకి మారినవాళ్లు బయటే ఉన్నారు. మన రెండు రాష్ట్రాల్లో వాళ్లు వెనకబడిన తరగతుల్లో సి గ్రూపు, అంటే బీసీ-సీలో వస్తారు, దానికున్న రిజర్వేషన్ ఒక్క శాతం. ఊళ్లో వాళ్ల ఇల్లు పాత వాడలోనే ఉంటుంది, హోటల్లో గ్లాసు సంగతి అదే, పెళ్లి సంబంధం సంగతి అదే. సర్టిఫికెట్ ఒక్కటే మారుతుంది. వాళ్లకు ‘దళిత క్రైస్తవులు’ అన్న మాట తప్ప ఇంకో మాట లేదు. అడ్వైజరీని తు.చ. తప్పకుండా పాటిస్తే ఆ మనుషులు వార్తల్లోంచి మాయమవుతారు, లేదా అబద్ధపు ఎస్సీలవుతారు. అయిదేళ్ల తర్వాత, 2023 మార్చిలో, ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ వాళ్లకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానం చేసినప్పుడు ఆ వార్తను ‘దళిత క్రైస్తవులు’ అనకుండా ఎవరైనా ఎలా చదువుతారో చెప్పమని ఆ లీగల్ మిత్రుణ్ని అడిగాను. నవ్వి ఊరుకున్నాడు.

మిగతావి చిన్నవి. ‘ఎస్సీ మహాసభ’ అనే సంస్థే లేదు. ‘ఎస్సీ సాహిత్యం’ అంటే ఏదో శాఖ ప్రచురించిన కరపత్రంలా వినిపించింది. లీడర్ బైట్‌లో, అంటే ఆయన మాట్లాడిన క్లిప్‌లో, దళితులు అంటుంటే కింద అక్షరాల ప్లేట్ మీద ఎస్సీలు అని పడితే చూసేవాడు నోటినీ అక్షరాన్నీ పోల్చుకుని నవ్వుతాడు.

సీనియర్ రిపోర్టర్ మాటనూ అదే పరీక్షకు పెట్టాం. ‘15 శాతం దళిత రిజర్వేషన్’ అని రాస్తే చట్టంలో లేనిది రాసినట్టే. ‘దళిత రిజర్వుడు నియోజకవర్గం’, ‘దళిత సర్టిఫికెట్’ ఎక్కడా ఉండవు. అట్రాసిటీ కేసు నమోదైందీ లేనిదీ చెప్పాలంటే బాధితుడు ఎస్సీ జాబితాలో ఉన్నాడా అన్నదే ప్రశ్న, అక్కడ ‘దళిత’ ఏమీ చెప్పదు. ఆయన కాసేపు మౌనంగా ఉండి, “సరే, ఫైలు మాట ఫైలుకు” అన్నారు. ఆయన దిగింది అంతవరకే.

మిర్యాలగూడ

ఇంకా నోట్ పూర్తి కాలేదు. సెప్టెంబరు 14 మధ్యాహ్నం మిర్యాలగూడలో ఆసుపత్రి బయట, గర్భవతి అయిన భార్య కళ్ల ముందు ఒక యువకుణ్ని నరికి చంపారు. అతను దళిత క్రైస్తవ కుటుంబం, ఆమెది వైశ్య కుటుంబం. సీసీ ఫుటేజీ సాయంత్రానికి ప్రతి ఫోన్‌లోనూ ఉంది.

ఆ సాయంత్రం డెస్క్‌లో ‘దళిత యువకుడు’ అనాలా ‘ఎస్సీ యువకుడు’ అనాలా అని మళ్లీ తర్జనభర్జన. అడ్వైజరీ భయం అప్పుడు వేడివేడిగా ఉంది. నేను ‘దళిత’ అనే పంపమన్నాను. హత్యకు కారణం కులం, ఎస్సీ జాబితా కాదు. దాని మీద పైనుంచి ఫోన్ కూడా వచ్చింది, వివరించాను, ఆగింది.

కానీ ఆ రాత్రంతా స్క్రీన్ మీద పెద్ద అక్షరాల్లో ఉన్న మాట మీద ఎవరూ ఫోన్ చేయలేదు: పరువు హత్య. లీగల్ అడగలేదు, మంత్రిత్వ శాఖ అడగలేదు. ఎవరి పరువు? చంపించినవాడి లెక్క ప్రకారం పోయిన పరువది. ఆ లెక్కను మేమే హెడ్డింగ్‌గా పెట్టి గంటల తరబడి తిప్పాం, అన్ని ఛానెళ్లూ తిప్పాయి. దళిత సంఘాలు ‘కులదురహంకార హత్య’ అన్నాయి. టీవీ ప్లేట్‌కు అది పొడుగు మాట, నిజమే. ‘కుల హత్య’ నాలుగక్షరాలు. తర్వాతి రోజు ఉదయం బులెటిన్ నుంచి మా దగ్గర అదే వెళ్లింది, ఆ కేసులో 2025 మార్చి 10న నల్గొండ కోర్టు ఒకరికి ఉరి, మిగతావారికి జీవిత ఖైదు వేసిన రోజు కూడా అదే వెళ్లింది. పక్క ఛానెళ్లలో ఆ రోజు కూడా ‘పరువు’ కనిపించింది.

మాటల మీద కాపలా ఎక్కడ ఉంటుంది, ఎక్కడ ఉండదు అన్నది నాకు ఆ రెండు వారాల్లో బాగా కనిపించింది. బాధితుణ్ని ఏమనాలి అన్న దాని మీద రెండు హైకోర్టులు, రెండు మంత్రిత్వ శాఖలు. చంపినవాళ్ల వైపు మాటల మీద ఒక్కరూ లేరు.

‘ఒక సామాజిక వర్గం’

ఎవరూ ఆర్డరు వేయకుండానే తెలుగు మీడియా మొత్తం పాటించే సెన్సారు ఒకటుంది. బాధితులు ‘దళితులు’ లేదా ‘ఎస్సీలు’ అని పేరుతో ఉంటారు. కొట్టినవాళ్లు ‘ఒక సామాజిక వర్గానికి చెందినవారు’. ఎన్నికలప్పుడు ఫలానా సామాజిక వర్గం ఓట్లు ఎన్ని, ఎటు అని కులం పేరుతో సహా గంటసేపు లెక్కలు కడతాం. అదే కులం మనుషులు వాడ మీద పడి కొడితే పేరు మింగేస్తాం.

ఇది కూడా పూర్తిగా భయం వల్లే అనలేను. మతఘర్షణల వార్తల్లో ఏ వర్గం అన్నది చెప్పకుండా నిగ్రహం పాటించాలన్న పాత జాగ్రత్త ఒకటుంది, దానికి కారణాలున్నాయి. డెస్క్‌లు ఆ జాగ్రత్తను తీసుకొచ్చి కుల దాడులకు అంటించాయి. దాంతో ఏమవుతుందంటే, ముప్పై మంది వచ్చి నాలుగిళ్లను కొట్టిపోయినా స్క్రోలింగ్ ఇలా ఉంటుంది: ‘ఇరువర్గాల మధ్య ఘర్షణ.. గ్రామంలో ఉద్రిక్తత’. ఇరువర్గాలు ఎక్కడున్నాయి? ఊళ్ల నుంచి వార్తలు పంపే స్ట్రింగర్‌ను నిలదీస్తే, “సార్, రేపు నేను ఆ ఊళ్లోనే తిరగాలి” అంటాడు. అతని యాడ్స్ టార్గెట్ కూడా ఆ ఊరి పెద్దల దగ్గరే ఉంటుంది. ఈ ముక్క ఏ స్టైల్ బుక్‌లోనూ ఉండదు.

కొట్టినవాళ్లకు వాడే మిగతా మాటలూ రాజకీయాలే. ‘అగ్రవర్ణాలు’ అంటే వర్ణాల మెట్లను ఒప్పుకున్నట్టు, పైగా మన దగ్గర దాడులు చేసినవాళ్లలో చాలామంది ఆ వర్ణ లెక్కలో పైన లేనివాళ్లే. ‘పెత్తందారీ కులాలు’ అంటే వామపక్ష పత్రిక వాసన వస్తుందని మేనేజ్‌మెంట్లు జంకుతాయి. ‘ఆధిపత్య కులాలు’ కొంత నయం, కానీ అదీ పేరు చెప్పదు. ఎఫ్‌ఐఆర్‌లో నిందితుల కులం రాసి ఉంటే, దాడికి కులమే కారణమని ఫిర్యాదులో ఉంటే, ఆ కులం పేరు ఫిర్యాదు ప్రకారం అని చెబుతూ రాయాలన్నదే నోట్‌లో నేను పెట్టిన వాక్యం. దీనికి వచ్చినంత వ్యతిరేకత ‘దళిత’ విషయంలో కూడా రాలేదు. చివరికి ‘ఎడిటర్ అనుమతితో’ అన్న తోక తగిలించి ఒప్పుకున్నారు.

నోట్, దాని తర్వాత

నోట్ ఒకటిన్నర పేజీ. చట్టం, రిజర్వేషన్, సర్టిఫికెట్, కేసు సెక్షన్ల గురించి చెప్పేటప్పుడు ఎస్సీ. ఉద్యమం, వివక్ష, దాడి, సాహిత్యం గురించి చెప్పేటప్పుడు దళిత. మనిషి తన కులాన్ని తనే చెప్పుకుంటే, ఆ వార్తకు అది అవసరమైతే, తను చెప్పిన మాటే. సంస్థలు, పథకాల పేర్లు ఉన్నవి ఉన్నట్టు. బైట్ మీద చెయ్యి వేయొద్దు. మొదట లీగల్ సంతకం చేయలేదు. అధికారిక సందర్భాల్లో ఎస్సీ అనే వాడుతున్నాం కదా, అడ్వైజరీ స్ఫూర్తికి సరిపోతుంది అని ఒక వాక్యం చేర్చాక చేశారు. నిజం చెప్పాలంటే ఆ వాక్యం అతుకే. మూడు వారాలకు సంగతి చల్లబడింది, మంత్రిత్వ శాఖ నుంచి మాకు రెండో ఉత్తరం రాలేదు.

ఆ తర్వాత ఈ వాదనకు తెలంగాణ ప్రభుత్వమే పెద్ద దెబ్బ వేసింది. 2021 ఆగస్టులో హుజూరాబాద్‌లో కుటుంబానికి పది లక్షల పథకం మొదలుపెట్టి దానికి ‘దళితబంధు’ అని పేరు పెట్టింది. అధికారిక వ్యవహారాల్లో ఆ మాట వద్దన్న కేంద్రం సర్క్యులర్ ఉండగానే, జీవోల్లో, చెక్కుల మీద, ఫ్లెక్సీల మీద అదే మాట. ఉప ఎన్నిక ముందు ‘ఎస్సీ బంధు’ అంటే ఊపు రాదని వాళ్లకు తెలుసు. లబ్ధిదారు కావాలంటే మాత్రం ఎస్సీ సర్టిఫికెట్ చూపించాల్సి వచ్చేది. పేరులో దళిత, అర్హతలో ఎస్సీ. మా నోట్ చెప్పిందీ ఇంచుమించు అదే, కాకపోతే వాళ్లు ఓట్ల కోసం చేశారు.

తేలనివి ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ప్రకారం నలుగురి ముందు కులం పేరుతో దూషిస్తే నేరం. కాబట్టి దూషణ వీడియోలు వస్తే కులం పేరు మీద బీప్ వేస్తాం. ఒక రాత్రి షిఫ్టులో కొత్త వీడియో ఎడిటర్ అదే జాగ్రత్తతో ఎమ్మార్పీఎస్ సభ రిపోర్టులో ‘మాదిగ’ అని వచ్చిన ప్రతిచోటా బీప్ వేశాడు. నాయకుడి పేరు ‘మంద కృష్ణ’ అనేసరికి కుయ్యిమని ఆగిపోయింది. జిల్లా నుంచి ఫోన్లు మొదలయ్యాయి. “మా పేరు మీకు బూతా?” అని ఒకాయన అడిగాడు. మీటింగ్‌లో మాట్లాడిన ఆ సబ్ ఎడిటరే ఆయనతో మాట్లాడి సర్దిచెప్పాడు. అప్పటి నుంచి కులం పేరు మీద బీప్ వేయాలంటే స్క్రిప్టు రాసినవాళ్లు చెప్పాలి, ఎడిటర్ సొంతంగా వేయకూడదు.

ఎస్టీల విషయంలో ఇలాంటి నోట్ ఇప్పటికీ లేదు. ‘గిరిజన’ అన్న మాట రెండు రాష్ట్రాల్లో శాఖల బోర్డుల మీదే ఉంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కానీ 2017 చివర్లో ఆదిలాబాద్ వైపు గోండులు, కోయలు, ఇతర తెగలు లంబాడాల ఎస్టీ హోదా మీద లేచినప్పుడు ‘ఆదివాసీ’ అనేది ఒక పక్షం పేరైపోయింది. ‘గిరిజనుల మధ్య గొడవ’ అంటే ఆదివాసీ సంఘాలకు కోపం, ‘ఆదివాసీ-లంబాడా’ అంటే లంబాడాలు ఆదివాసులు కారని మనమే తీర్పు ఇచ్చినట్టు అవతలివాళ్లకు కోపం. అప్పుడు తెగల పేర్లతో రాసి బయటపడ్డాం. డెస్క్‌లో ఎవరు కూర్చుంటే వాళ్ల తెలివి మీద నడుస్తోంది.

2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల బెంచి ఎస్సీ కోటాను గ్రూపులుగా పంచే వర్గీకరణకు దారి తెరిచాక, 2025లో రెండు రాష్ట్రాలూ ఎస్సీలను మూడు గ్రూపులు చేశాయి. తెలంగాణలో 1, 9, 5 శాతాలు. ఆంధ్రలో 1, 6.5, 7.5. ఆ రోజుల్లో గోదావరి జిల్లాల నుంచి ఒక స్ట్రింగర్ ఒక కుటుంబం కథ పంపాడు. తాత నుంచి మనవడి దాకా సర్టిఫికెట్లలో ‘ఆది ఆంధ్ర’, ఇంట్లో చెప్పుకునేది మాదిగ. స్క్రిప్టులో ‘ఓ దళిత కుటుంబం’ అని ఉంది. సబ్ ఎడిటర్ దాన్ని కొట్టేసి, కాగితం మీద ఉన్న మాటా వాళ్లు చెప్పుకున్న మాటా రెండూ రాశాడు. ఏ గ్రూపులోకి వస్తారో తహసీల్దారు ఆఫీసులో అడిగి బైట్ తీసుకున్నాకే స్టోరీని బులెటిన్ రన్‌డౌన్‌లో పెడతానని, వార్తలు తెప్పించే ఇన్‌పుట్ డెస్క్‌కు మెసేజ్ పెట్టాడు.